రెక్కల మీద బొట్టు

విజయదశమి ఉదయం మా తమ్ముడి కూతురు చేసిన కారు నేల మీంచి లేచింది. ట్యూబులైటు ఎత్తుకు వెళ్లి, చలిజ్వరం వచ్చిన మనిషిలా వణికి, ఒక పక్కకు ఒరిగి, గోడవారన పేర్చిన అట్టపెట్టెలను గుద్దుకుని సిమెంటు గచ్చు మీద పడింది. ఎర్రటి పైడొప్ప పగిలింది. విరిగిన రెక్క ఒకటి జారుతూ వచ్చి నా కాళ్ల దగ్గర ఆగింది.

మా పక్క కొట్టాయన, "పోనీలేమ్మా, దిగేది బాగానే నేర్చుకునింది," అన్నాడు. పనివాళ్లు నవ్వారు. తమ్ముడు నవ్వలేదు.

"సరే, చూసినాం గదా. మేడ మీద గదిలోకి దీపావళి సరుకు ఎక్కించండప్పా," అన్నాడు.

ఆ ఒక్క మాటతో పిల్ల ఆశ పెట్టుకున్న గది పోయింది.

తమిళుల మధ్య తెలుగువాళ్లం, సౌకార్‌పేటలో మాది బొమ్మల టోకు వ్యాపారం. తాతల నాడు కొయ్య బొమ్మలు, లక్క పిడతలు. ఇప్పుడు ప్లాస్టిక్కూ బ్యాటరీలూ. నేను పత్రికాఫీసులో డెస్కు మీద పనిచేసి రిటైరయ్యాను. కొట్టు తమ్ముడిది. పండగ పూట మాత్రం అందరం అక్కడే ఉంటాం.

మేము అమ్మిన రిమోట్ కార్లలో కొన్ని తిరిగొస్తాయి. ముందుకు పోతుంది గాని వెనక్కి రాదనో, ఒక చక్రం తిరగదనో ఊళ్ల నుంచి చిల్లర కొట్లవాళ్లు పంపేస్తారు. వాటిని తయారుచేసినవాళ్లు వెనక్కి తీసుకోరు. అవి మెట్ల కింద గుట్టగా పడి ఉండేవి. ఎలక్ట్రానిక్స్ చదివి ఇంట్లో ఉన్న పిల్ల కన్ను ఆ గుట్ట మీద పడింది.

ఒక కారు తీసుకుపోయి చక్రాలు, గేర్లు, బరువైన మోటారు పీకేసింది. చక్రాల చోట నాలుగు సన్నటి చేతులు బిగించి, వాటి కొసల్లో చిన్న మోటార్లు, రెక్కలు పెట్టింది. పొట్టలో ఒక బోర్డు. కారు గాలిలో ఎటు ఒరిగినా కనిపెట్టి సరిచేసేది అదే. పాత కారులోంచి మిగిలింది పైడొప్ప, రిమోట్ డబ్బా. ఆ డబ్బాలో కూడా లోపలి సరంజామా అంతా మార్చేసింది. ఇదంతా తొండియార్‌పేట ఇంట్లో, అన్నాలు తినే బల్ల మీద.

"ఇంటికొస్తే కరెంటాఫీసులో భోంచేసినట్టుంది," అనేవాడు తమ్ముడు.

ఆమె అడిగింది ఒకటే. కొట్టు మీది గది తనకిస్తే తిరిగొచ్చిన కార్లన్నిటినీ ఎగిరే కార్లుగా చేసి కింద మన కొట్లోనే అమ్మకానికి పెడతానంది.

"మనం అమ్మేవాళ్లం, చేసేవాళ్లం కాదు. చేసేవాళ్లు వేరే ఉండారు," అన్నాడు తమ్ముడు. మా ఇళ్లలో ఆ మాటకు చాలా వయసు. పనిముట్టు పట్టినవాడు ఒక మెట్టు కింద అన్నది అందులో ఉంది, పైకి అనరు. ఆమె వదల్లేదు. చివరికి అతనే ఒక షరతు పెట్టాడు: ఆయుధపూజ మర్నాడు, రాహుకాలం రాకముందే, అందరి ముందర ఎగరేసి చూపించాలి. ఎగిరితే గది ఆమెది. లేకపోతే దీపావళి సరుకుది.

అది ఎగురుతుందని నాకు తెలుసు. అంతకు ముందే ఇంటి హాల్లో చూశాను. నా ముఖానికి ఎదురుగా తూనీగలా నిలబడింది. ఆమె కష్టమంతా రెక్కల తూకంలో ఉంది. ఒక్కో రెక్కను సూది మీద నిలబెట్టి, ఏ కొస పైకి లేస్తుందో చూసి, అక్కడ చిన్న టేపు ముక్క అంటించేది.

"ఈగ వాలినంత తేడా ఉన్నా వొణుకుద్ది పెదనాన్నా. వొణికితే లోపల బోర్డుకి తల తిరుగుద్ది. ఏది కిందో ఏది పైనో దానికి తెలవదు," అంది.

ఆయుధపూజ నాడు కొట్టు కడిగి, కాటా, బిల్లుల కంప్యూటరు, షట్టరు కొక్కెం, స్కూటరు అన్నిటికీ గంధం పూసి కుంకుమ అద్దుతారు. బొరుగులు, పుట్నాలు, పళ్లు పెడతారు. పూజలో పెట్టినదాన్ని ఆ రోజు ఎవరూ ముట్టుకోరు. మర్నాడు తీసి కొత్త పని మొదలుపెడతారు. ఈసారి తమ్ముడే కారును తెచ్చి కంప్యూటరు పక్కన పెట్టాడు. పిల్ల ముఖం వెలిగిపోయింది. వాళ్ల నాన్న దాన్ని సామాన్లలో ఒకటిగా లెక్క చేయడం అదే మొదలు.

పక్క కొట్టాయన వంగి చూసి, "చక్రాలే లేవే, నిమ్మకాయ ఏడ పెట్టి తొక్కిస్తావ్?" అన్నాడు.

"రెక్కలుండాయి గదయ్యా," అని తమ్ముడు గంధం గిన్నెలో బొటనవేలు ముంచి ప్రతి రెక్క మీదా దట్టంగా ఒక బొట్టు పెట్టాడు.

"నాన్నా, రెక్కలకొద్దు. పైన ఒక్కటి చాలు," అందామె.

"లారీకి చక్రానికొకటి పెట్టమా? దీనికి మాత్రం ఏం తక్కువ?"

ప్రేమగానే అన్నాడు. అందుకే ఆమె ఇంకేమీ అనలేకపోయింది.

మర్నాడు పొద్దున తడిగుడ్డ తీసుకుని కారు ముందు కూర్చుంది. మా అమ్మ చూసింది.

"ఏందే అది? బొట్టు తుడస్తావా?"

"రెక్కల మీద మాత్రమే అవ్వా. బరువు..."

"ఆడపిల్లవి, పండగపూట బొట్టు తుడిచేదేందే! ఆ గుడ్డ అవతల పారెయ్."

మా ఇంట్లో ఆ మాట ఒక్క సందర్భంలోనే వినపడుతుంది. నాన్న పోయినప్పుడు ఆ పని జరిగింది అమ్మ నుదుటి మీదే. ఆమెతో ఎవరు వాదిస్తారు? తమ్ముడు గడియారం చూసి, "రాహుకాలం వస్తాంది, ఎగిరించు ముందు," అన్నాడు. రెక్కలు తిరగగానే ఎండిన గంధం ఒక రెక్క మీంచి పెచ్చులుగా ఊడి గోడకు చిమ్మింది. మరో రెక్కకు అలాగే అంటుకుని ఉండిపోయింది. తర్వాతది ముందే రాశాను.

సరుకు ఎక్కించమన్న మాట విని పిల్ల లేచి నిలబడింది.

"నా కారు తప్పు కాదు నాన్నా. మీ గంధం పడేసింది."

అమ్మ, "దేవుడికి పెట్టినదాన్ని అంత మాటంటావా? లెంపలేసుకో," అంది. పిల్ల తండ్రివైపు చూసింది. అతను అమ్మవారి పటంవైపు చూస్తున్నాడు. ఆమె రెండు చెంపలూ వేసుకుంది, మెల్లగా కాదు. గంధానికి బరువుంటుందని చెప్పినందుకు ఇంజనీరింగ్ చదివిన పిల్ల చేత పనివాళ్ల ముందు లెంపలేయించిన ఇల్లు మాది. ఆ పూట అందరం బొరుగులు తిన్నాం కూడా.

సాయంత్రం విరిగిన రెక్కను తమ్ముడి ముందు పెట్టాను. గంధం ఇంకా దాని మీద గట్టిగా ఉంది. చెప్పబోతే ఆపాడు.

"నాకు తెలవదా అన్నా? చిన్నప్పటి నుంచి కాటా పట్టినోణ్ణి. పళ్లెం మీద ఆకు పడినా ముల్లు కదులుద్ది."

"మరి ఆడ ఎందుకనలా?"

"అమ్మ ముందర, పనోళ్ల ముందర, గంధం తప్పని నేనెట్టంటా? రేపు ఈ కొట్లో నా మాటెవురింటారు?"

"పిల్ల లెంపలేసుకునింది గదరా."

"రెండు లెంపలే గదన్నా," అని టీ తాగాడు.

ఆ సంభాషణ ఉన్నదున్నట్టు ఆమెకు చెప్పాను. కోపం వచ్చి మాట తెంచెయ్యాలనుకున్నప్పుడు ఆమె తమిళంలోకి మారుతుంది. "విడుంగ పెదనాన్నా," అంది. వదిలెయ్యమని. తర్వాత, "మీరు చెప్తే ఏముంది? అది ఆయన చెప్పాల," అంది.

దీపావళి కాగానే ఊరికి అవతలి కొసన ఒక కంపెనీలో చేరింది. ఎవరివో ప్రింటర్లు పనిచేయడం లేదని ఫోన్లు వస్తే సమాధానం చెప్పే పని. ఆదివారాలు ఇంట్లో ఉన్నా స్క్రూడ్రైవరు ముట్టదు. బల్ల ఖాళీ అయిందని తమ్ముడు ఒకసారి సంతోషంగా అన్నాడు.

మేడ మీద దీపావళి సరుకంతా ఎప్పుడో అమ్ముడైపోయింది. గది ఖాళీగా ఉంది. అద్దెకు అడిగినవాళ్లకు తమ్ముడు ఇవ్వలేదు, కూతురికీ ఇవ్వలేదు. నాతో అన్న మాట ఆమెతో ఇంతవరకూ అనలేదు.