ఊపిరాడని చోట గడియారాలాయన

ఆ వీధి మలుపులో గది ఒకటే, దుకాణాలు రెండు. కుడివైపు సగం గడియారాలు బాగుచేసే ఆయనది, ఎడమవైపు సగం ఆయన భార్య టైలరమ్మది. మధ్యలో గోడ లేదు, తెర కూడా లేదు. పెళ్లైన కొత్తలో ఒక తెర కట్టుకున్నారు గానీ, ఎదుటి మనిషి మొహం కనబడకపోతే టైలరమ్మకి మాట రుచించదు. నెల తిరక్కుండానే ఆ తెర దించి ఎవరికో దిండు గలీబులు కుట్టేసింది.

ఆ గదిలో మొగుడూ పెళ్లాల మధ్య ఒక ఒప్పందం ఉంది. కుట్టుమిషన్ తొక్కుతుంటే గదంతా సన్నగా అదురుతుంది. ఆయనేమో వెంట్రుకంత స్ప్రింగుని పట్టకారు కొసన పట్టుకుని గడియారం కడుపులో కూర్చోబెట్టాలి. అందుకని అలాంటి ఘడియ వచ్చినప్పుడల్లా ఎడమచెయ్యి పైకెత్తుతాడు. ఆవిడ చటుక్కున పెడల్ మీది నుంచి కాలు తీసేస్తుంది. ఆయన ఊపిరి బిగబట్టి, భుజాలు బిగించి, రెప్ప కూడా కొట్టకుండా స్ప్రింగుని దాని చోట్లో పెట్టి, అప్పుడు చెయ్యి దించుతాడు. మళ్లీ మిషన్ టకటకమంటుంది. ఈ హడావుడి అంతట్లోనూ ఆవిడ కాలు ఆగుతుంది గానీ నోరు ఆగదు.

"ఒప్పందం కాలికండీ, నోటిక్కాదు," అంటుంది అడిగితే.

ఆయన మాత్రం రోజు మొత్తమ్మీద మాట్లాడే మాటలన్నీ కలిపితే ఒక అగ్గిపెట్టెలో పడతాయి. "రేపు రండి", "బ్యాటరీ పోయింది", "అన్నం పెట్టు". అంతే.

అలాంటి మనిషి ఊరి బ్యాండులో ఎలా చేరాడంటే, అదీ స్ప్రింగు వల్లనే. ఒకనాడు బ్యాండు మాస్టారు ఒక క్లారినెట్ పట్టుకొచ్చి, "దీని మీట ఒకటి పైకి లేవడం లేదు, లోపల సన్న స్ప్రింగు విరిగింది, నీ చేతిలో అవుతుందేమో చూడు," అన్నాడు. ఈయన బాగుచేశాడు. చేసిన పని సరిగ్గా ఉందో లేదో తెలియాలిగా, నోట్లో పెట్టుకుని ఊదాడు. దూడ తల్లి కోసం అరిచినట్టు ఒక కేక వచ్చింది. టైలరమ్మ ఉలిక్కిపడి వేలు గుచ్చుకుంది. మాస్టారు మాత్రం తల పక్కకి వంచి, "మళ్లీ ఊదు," అన్నాడు. ఆ మళ్లీ అన్నదే ఏళ్ల తరబడి సాగింది.

ఏళ్ల తరబడి సాగినా, ఆయనది రెండో క్లారినెట్. మొదటి క్లారినెట్ పాట పాడుతుంటే, కిందనుంచి దాని బరువు మోసేది రెండోది. అది లేకపోతే ఏదో వెలితి అనిపిస్తుంది గానీ, ఉన్నప్పుడు ఉన్నట్టు ఎవరికీ తెలియదు. ప్రతి ఆదివారం సాయంత్రం పార్కులో బ్యాండు వాయించాక ఇంటికి నడుస్తూ టైలరమ్మ ఒకటే అడిగేది.

"అంతమంది ఊదారు కదా, అందులో మీది ఏదండీ?"

"కింద ఉంటుందే."

"కింద కూడా వెతికాను. ఇవాళా వినబడలేదు."

ఆవిడ వెటకారానికి అనలేదు. నిజంగానే చెవి రిక్కించి వెతికింది. అదే ఆయనకి ముల్లులా గుచ్చుకునేది. పైకి అనడు, అగ్గిపెట్టెలో అన్ని మాటలకి చోటేదీ!

అంతలో మొదటి క్లారినెట్ వాయించే పెద్దాయన వేరే ఊరికి కాపురం మార్చాడు. పార్కులో కొత్త వేదిక కట్టారు, దాన్ని తెరిచే రోజున వాయించడానికి మాస్టారు "కొండదారి" అని కొత్త పాట ఎంచాడు. అందులో మధ్యన, మిగతా వాయిద్యాలన్నీ నోరు మూసుకుంటే, క్లారినెట్ ఒక్కటే కొండ ఎక్కుతుంది. మలుపు మీద మలుపు, స్వరం మీద స్వరం, ఎక్కడా ఆగకూడదు. ఆ పేజీలో ఊపిరి తీసుకోవడానికి ఆవగింజంత సందు లేదు. బ్యాండు వాళ్లు దానికి "ఊపిరాడని చోటు" అని పేరు పెట్టేశారు.

గడియారాలాయన ఊదాడు. మూడో మలుపులో మొహం కందగడ్డయింది, నాలుగో మలుపులో పాట చచ్చింది.

మాస్టారు మంచివాడే. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి కాబట్టి భాగహారంతో ఆలోచించాడు. "పోనీలేవయ్యా, పంచేద్దాం. నీ ఊపిరి ఎక్కడ అయిపోతే అక్కడి నుంచి బాకా అందుకుంటాడు. సగం నువ్వు, సగం అతను. ఒకవేళ ఆ రోజు లోపల నీకే మొత్తం వచ్చిందా, నీదే."

బాకా ఊదేవాడు ఇంకెవరో కాదు, టైలరమ్మ సొంత తమ్ముడు. "బావా, నువ్వేం బెంగపెట్టుకోకు," అన్నాడు భుజం మీద చరిచి. "నువ్వు కొండ సగం ఎక్కి కూర్చో, నేను వచ్చి చంకనెత్తుకుపోతాను."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు గానీ, ఇంటికొచ్చి అన్నం కెలికి లేచాడు. బతుకులో మొదటిసారి పాట తన చేతికొచ్చింది. ఆ ఒక్క పేజీ మొత్తం తనే ఊదాలి. బాకా కలిస్తే ఇక భార్య చెవికి తను ఎక్కడ దొరుకుతాడు?

ఆగకుండా ఊదడానికి ఒక కిటుకుందని మాస్టారే చెప్పాడు. బుగ్గల్లో గాలి నింపుకోవాలి. ఆ గాలిని బుగ్గలతో నెడుతూ ఉండగానే ముక్కుతో కొత్త గాలి లాగాలి. అది నేర్చుకోవడానికి గ్లాసులో నీళ్లు పోసి, స్ట్రా వేసి ఊదాలి. బుడగలు ఆగకుండా వస్తే వచ్చినట్టు, ఆగితే రానట్టు.

మర్నాటి నుంచి గడియారాల బల్ల మీద నీళ్ల గ్లాసు వెలిసింది. బుడబుడ, బుడబుడ, ఠప్. బుడబుడ, బుడబుడ, ఠప్. గాలి లాగాల్సిన ఆ రెప్పపాటులో ఆయన భుజాలు చెవుల దాకా లేస్తాయి, కళ్లు గుడ్లగూబ కళ్లవుతాయి, ఒళ్లంతా కొయ్యబారిపోతుంది. మరి కష్టమైన పని ఎదురైతే ఊపిరి బిగబట్టడమే కదా ఆయన చేతికి, ఒంటికి తెలిసిన విద్య! రోజూ పొద్దుటి నుంచి చేసేది అదే. తీరా ముక్కుతో లాగుదామనుకునేసరికి నీళ్లు ముక్కులోకి పోయి, తుమ్ముల మీద తుమ్ములు.

బావమరిది గుమ్మంలోంచి తల పెట్టి, "ఏం బావా, చేపలు పెంచుతున్నావా?" అన్నాడు.

"నువ్వు పోరా, ఆయన్ని విసిగించకు," అంది టైలరమ్మ. వాడు పోయాక మొగుడి వైపు తిరిగి, "ఏవండీ, చేపలైతే ఈపాటికి గుడ్లు పెట్టేవి," అంది.

ఒక మధ్యాహ్నం మేడమీది అత్తయ్య కోటు కొలతలకి వచ్చింది. ఈ అత్తయ్యకి కొలతలు ఒక వంక, అసలు పని ఆ బుడబుడ ఏమిటో కనుక్కోవడం. టైలరమ్మ పెదాల మధ్య వరసగా గుండుసూదులు పట్టుకుని, ఒక్కొక్కటే తీసి కోటు భుజానికి గుచ్చుతోంది. నోరు మూసి ఉన్నా, పెదాల సందులోంచే మాట్లాడుతోంది, నవ్వుతోంది, కథలు చెబుతోంది.

"అమ్మాయ్, సూదులు మింగేస్తావే!" అంది అత్తయ్య.

"ఇన్నేళ్లలో ఒక్కటి మింగలేదు అత్తయ్యా. నోటితో ఊపిరి పీలిస్తే కదా లోపలికి పోవడానికి." సూదులన్నీ గుచ్చడం అయిపోయాక, అత్తయ్య అడగ్గా అడగ్గా, "ఇదిగో, ఇదీ మా ఆయన చేసే ఘనకార్యం," అని వెక్కిరించడానికి ఆ గ్లాసు అందుకుని స్ట్రా నోట్లో పెట్టుకుంది.

బుడబుడబుడబుడ.

ఊదుతూనే దారాల డబ్బా మూత పెట్టింది. ఊదుతూనే గుమ్మంలోకి ఎవరొచ్చారో తిరిగి చూసింది. ఊదుతూనే అత్తయ్య వైపు కనుబొమలు ఎగరేసింది. బుడగలు ఆగలేదు.

గడియారాలాయన కంటికి పెట్టుకున్న భూతద్దం జారి ఒళ్లో పడింది. "ఎలా చేశావే?"

ఆవిడ స్ట్రా తీసి, "ఏం చేశాను?" అంది.

"మళ్లీ చెయ్యి."

చేసింది. ఠప్. మళ్లీ చేసింది. ఠప్. అడిగితే రాదు, అడక్కపోతే వస్తుంది! "మీరలా గుడ్లప్పగించి చూస్తుంటే ఎవరికైనా ఊపిరి ఆగిపోతుంది," అని ఆవిడ కసిరింది.

ఇక లాభం లేదని ఆయన దొంగచూపులు మొదలుపెట్టాడు. గడియారం చేతిలో పట్టుకుని, భూతద్దం కంటికి పెట్టుకుని, బాగుచేస్తున్నట్టు నటిస్తూ పెళ్లాం ముక్కు చూడసాగాడు. ఆవిడ సూదులు నోట్లో పెట్టుకుని మిషన్ తొక్కినంతసేపూ చూశాడు. బావమరిది ఇది కనిపెట్టేశాడు.

"అక్కా! బావ నీ మొహాన్ని భూతద్దంతో వెతుకుతున్నాడే!"

"వెతకనీరా. ఇన్నేళ్లకి తీరికైంది పాపం."

వెతగ్గా వెతగ్గా ఆయనకి దొరికింది. రహస్యం ముక్కులో లేదు, బుగ్గలోనూ లేదు, కాలిలో ఉంది! గాలి లాగే రెప్పపాటులో ఆవిడ భుజం కదలదు, మెడ బిగుసుకోదు. కింద పెడల్ మీద కాలు మాత్రం తన మానాన తను ఆడుతూనే ఉంటుంది. ఒళ్లు ఎక్కడా ఆగదు కాబట్టి ఊపిరీ ఆగదు. ఆయనేమో కష్టం వస్తోందనగానే కాలి బొటనవేలి నుంచి నడినెత్తి దాకా అన్నీ ఆపేస్తాడు.

"ఇదిగో, కాస్త లే," అన్నాడు.

"ఎందుకు?"

"నీ కుర్చీలో కూర్చోవాలి."

టైలరమ్మ దారం తీసేసి, సూది పైకెత్తి, కుర్చీ ఇచ్చింది. ఆయన నోట్లో స్ట్రా, ఎదురుగా గ్లాసు, కాళ్లు పెడల్ మీద. "కాలు ఆపారో, పక్కనే గజంబద్ద ఉంది," అంది ఆవిడ. ఆయన తొక్కాడు, ఊదాడు. కాలు ఆగింది, మోకాలి మీద ఒకటి పడింది. తొక్కాడు, ఊదాడు. మేడమీది అత్తయ్య మెట్ల మీదే బైఠాయించి, "ఇదిగో ఈసారి వస్తుంది... అయ్యో... ఇదిగో ఈసారి," అంటూ లెక్క మరిచిపోయింది. సాయంత్రానికి బుడగలు ఒక్కసారి ఆగకుండా దాటాయి. ఆయన అది నమ్మలేక, సంతోషం పట్టలేక నవ్వేసరికి గ్లాసులో నీళ్లన్నీ మిషన్ మీద పడ్డాయి. ఆవిడ తుడుస్తూ తిట్టింది, తిడుతూ నవ్వింది.

స్ట్రా పోయి క్లారినెట్ వచ్చింది. నీళ్లలో వచ్చింది క్లారినెట్‌లో అంత తేలిగ్గా రాలేదు. స్వరం వంకర పోయేది, బుగ్గల గాలి చాలక చివర్లో కీచుమనేది. కొండదారిని ముక్కలు చేసి, ఒక్కో మలుపూ పెడల్ మీద తొక్కుకుంటూ సాధించాడు. గిరాకీ వచ్చినప్పుడల్లా భార్య కుర్చీ ఖాళీ చెయ్యమనేది, పాట అక్కడికి తెగేది. ఈ గోలలో ఒకనాడు ఊపిరి బిగబట్టడం మరిచిపోయి, గడియారపు మరమేకుని ఉఫ్‌మని ఊది ఎగరగొట్టాడు. ఇద్దరూ నేల మీద మోకాళ్లూని అయస్కాంతంతో వెతికారు.

"ఇప్పుడు పూర్తిగా బాగుపడ్డారు," అంది టైలరమ్మ బల్ల కిందనుంచి.

చివరి రిహార్సల్లో మాస్టారు పరీక్ష పెట్టాడు. మిషన్ లేదుగా, ఆయన కుర్చీ కింద గాల్లోనే తొక్కాడు. బాకా ఊదేవాడు నోటి దగ్గర బాకా పెట్టుకుని, అందుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాడు. మొదటి మలుపు, రెండో మలుపు, మూడు, నాలుగు. అందుకోవాల్సిన చోటు వచ్చింది, వెళ్లిపోయింది. బాకా మెల్లగా కిందికి దిగింది.

"ఏం తొక్కుడు బావా అది! ఇంకాస్త తొక్కితే మాకందరికీ చొక్కాలు వచ్చేవి," అన్నాడు. అని ఊరుకోలేదు, వచ్చి గట్టిగా కావలించుకున్నాడు. మాస్టారు పేజీ మీద బాకా అందుకోవాల్సిన చోట పెన్సిలుతో గీసుకున్న గీతని రబ్బరుతో చెరిపేశాడు.

వేదిక తెరిచే రోజున పార్కు కిటకిటలాడింది. మొదటి వరసలో టైలరమ్మ, పక్కన మేడమీది అత్తయ్య. బ్యాండు మొదలైనా టైలరమ్మ మాట ఆగలేదు. ఎవరి కోటు ఎవరు కుట్టారో, ఏ చేతి కుట్టు వదులుగా ఉందో అత్తయ్యకి చెబుతూనే ఉంది.

మిగతా వాయిద్యాలు తప్పుకున్నాయి. క్లారినెట్ ఒక్కటే కొండ ఎక్కడం మొదలుపెట్టింది. గడియారాలాయన కాళ్లు కింద ఆడుతున్నాయి. మలుపు దగ్గర బుగ్గ ఉబ్బింది, ముక్కు తన పని తను చేసుకుంది, పాట తెగలేదు. ఇంకో మలుపు. ఇంకోటి. జనం తెలియకుండానే మెడలు పైకి చాచారు. ఆఖరి మెట్టు మీద ఒక పొడుగు స్వరం ఉంది. మాస్టారు చెయ్యి దించేదాకా దాన్ని పట్టుకోవాలి, దించగానే బాకా అందుకోవాలి.

మాస్టారు చెయ్యి దించాడు.

స్వరం ఆగలేదు. ఆయన ఆగకుండా ఉండడమే నేర్చుకున్నాడు గానీ, ఆపడం ఎప్పుడు నేర్చుకున్నాడు? ఇంట్లో ప్రతిసారీ ఏదో గిరాకీయే ఆపేది! మాస్టారు మళ్లీ చెయ్యి దించాడు. ఈసారి రెండు చేతులూ దించాడు. స్వరం నిలువునా నిలబడే ఉంది, ఎండలో తీగ మీద ఆరేసిన తెల్లటి గుడ్డలా. జనం ఇదీ పాటలో భాగమే అనుకున్నారు. బావమరిదికి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వే పెదాలతో బాకా ఊదడం ఎవరి వల్లా కాదు. మాస్టారు చేతిలో కర్ర చంకలో పెట్టుకుని, చేతులు కట్టుకుని, విందాం పద అన్నట్టు నిలబడిపోయాడు.

అప్పుడు గడియారాలాయన కళ్లు మొదటి వరస మీద పడ్డాయి. టైలరమ్మ నోరు తెరుచుకుని ఉంది. అందులోంచి మాట రావడం లేదు! అత్తయ్య మోచేత్తో పొడిచినా ఉలకలేదు, పలకలేదు. కళ్లు మిలమిలలాడుతూ ఆయన్నే చూస్తోంది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ మాట ఆగడం ఆయన ఎన్నడూ చూసి ఎరుగడు. ఏమైందో ఏమిటోనని గుండె గతుక్కుమంది. ఆ గతుక్కుకే స్వరం ఠక్కున ఆగింది.

పార్కంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. బాకా ఎప్పుడో అందుకోవాల్సింది ఆ చప్పట్ల మధ్యన అందుకుంది, అదీ తప్పు స్వరంతో. డప్పు వాళ్లు దానికంటే ముందెళ్లిపోయారు. పాట ఎలా ముగిసిందో ఎవరికీ తెలియదు, ఎవరికీ పట్టలేదు. టైలరమ్మ నోరు మళ్లీ తెరిపిన పడి, అటు పక్కా ఇటు పక్కా ఉన్న పరాయివాళ్ల చేతులు పట్టుకుని, "అది ఆయనే, మా ఆయనే, ఇప్పుడు ఊదింది మొత్తం మా ఆయనే," అని చెప్పుకుపోతోంది.

మాస్టారు గడియారాలాయన దగ్గరకి వంగి, "ఎవరాపమన్నారయ్యా? బాగానే ఉందిగా," అన్నాడు.

అగ్గిపెట్టె మాటల మనిషి క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని, చెమట తుడుచుకుని, పార్కు మొత్తానికీ వినబడేలా అన్నాడు.

"అయితే మాస్టారూ, మొదటి నుంచి ఇంకోసారి వాయిద్దాం."

బ్యాండంతా గలగలా నవ్వుతూ పేజీలు వెనక్కి తిప్పింది.