ధర్మరాజు ఓడలో తెప్పించిన దడి

కువైట్ నుంచి వచ్చేవాళ్ళు ఏం తెస్తారో మా రాజోలు వైపు ఎవర్నడిగినా చెబుతారు. బొచ్చు దుప్పట్లు, సెంటు సీసాలు, కాళ్ళనొప్పులకు రాసుకునే పచ్చ మందు, చుట్టాలకు తలో సబ్బు. మా పక్కింటి ధర్మరాజు మాత్రం దడి తెచ్చాడు. వేళాకోళం కాదు. పదకొండేళ్ళు ఆ ఎండలో మాడి, చివరికి అట్టపెట్టెల్లో చుట్టించి, ఓడలో వేయించి, ఇంటి చుట్టూ పాతుకునే తెల్లటి ప్లాస్టిక్ దడి తెప్పించుకున్నాడు. ఎటు చూసినా కొబ్బరి కమ్మలు నెత్తిన రాలిపడే ఊరికి దడి దిగుమతి చేసుకున్న మొదటి మహానుభావుడు అతనే అయ్యుండాలి.

నా పేరు నిర్మల. ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. పాతికేళ్ళుగా ఊళ్ళో పిల్లల చెవులు మెలేస్తున్న దాన్ని కాబట్టి నోరు కాస్త పదునే. ధర్మరాజు చెవి కూడా ఒకప్పుడు మెలేశాను. అప్పుడైనా, ఇప్పుడైనా చెప్పిన మాట వింటే అతను ధర్మరాజెందుకవుతాడు.

అతని తండ్రి మా ఊళ్ళో దడులు కట్టేవాడు. మా వైపు దడంటే సరుగుడు రాటలు పాతి, కమ్మలు నిలబెట్టి, అడ్డంగా వెదురు బద్దలు వేసి, కొబ్బరి తాడుతో బిగించి కట్టడమే. ఏడాది తిరిగేసరికి కమ్మలు చివికిపోతాయి. పాతది నీళ్ళ పొయ్యిలోకి పోతుంది, కొత్తది కడతారు. కట్లు ఎవరి వైపుంటే దడి వాళ్ళది. ఇంత చిన్న విషయానికి మా ఊళ్ళో కోర్టుకెళ్ళిన వాళ్ళు లేరు. తండ్రికి బద్దలందిస్తూ పెరిగిన ధర్మరాజుకి మాత్రం ఆ పనంటే నామోషీ. "ఏడాదికోసారి ఊడిపోయే పనీ ఓ పనేనండీ" అనేవాడు. తొంభై రెండులో, యుద్ధం సద్దుమణిగాక, కువైట్ వెళ్ళాడు. అక్కడ వాళ్ళు అతనికి ఏ పని ఇచ్చారనుకున్నారు? షేకుల బంగళాల చుట్టూ దడులు బిగించే పని. ప్లాస్టిక్‌వి.

రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు మీద వచ్చేవాడు. వచ్చి, ఇంటి పెంకులు మార్పించి, భార్య సత్యదుర్గకు చీరలిచ్చి, కూతురు రమ్యశ్రీని ఫోటో స్టూడియోకి తీసుకెళ్ళి, మళ్ళీ వెళ్ళిపోయేవాడు. రెండువేల మూడు ఫిబ్రవరిలో వచ్చినప్పుడు మాత్రం నా అరుగు మీద కూర్చుని తల దించుకుని అన్నాడు.

"ఇంక వెళ్ళలేనండి టీచర్ గారూ. మొన్న పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడితే మా రమ్య నన్ను చూసి లోపలికెళ్ళి, అమ్మా, ఎవరో వచ్చేరు, అందండి."

ఆ పిల్లకి ఎనిమిదేళ్ళు. నాకు ఎంత బాధేసిందంటే, ఆ పూట ఒక్క ఎత్తిపొడుపు మాట కూడా నోటికి రాలేదు.

వెళ్ళకుండా ఉండాలంటే ఇక్కడ పనుండాలి. దానికి అతను వేసిన ఉపాయమే ఈ దడి. దిండి దగ్గర ఎవరో హైదరాబాదు ఆసామి గోదారొడ్డున అతిథి గృహాలు కట్టిస్తున్నాడు. వాటి చుట్టూ దడి కావాలి. ఇతను తన ఇంటి ముందు ఒకటి పాతి చూపిస్తే, చూసి నచ్చితే, పని మొత్తం ఇస్తామన్నారు. ఇస్తే ఇక్కడే ఉంటాడు. ఇవ్వకపోతే ఆగస్టు దాటేలోగా కువైట్ వెళ్ళాలి, లేకపోతే వీసా పోతుంది. ఒక మనిషి బతుకు ఇలా నాలుగు ప్లాస్టిక్ గుంజల మీద నిలబడింది.

పెట్టెలు ఓడ దిగి ఇల్లు చేరేసరికి మే నెల వచ్చింది. పాతడానికి సత్యదుర్గ ముహూర్తం పెట్టించుకొచ్చింది.

"దడికి ముహూర్తమేమిటే?" అన్నాను.

"దడి కాదండి, వ్యాపారమండి. పంతులుగారు మళ్ళీ ఆషాఢం అన్నారండి, ఆ తర్వాత మూఢం అన్నారండి. ఉన్నదిదొక్కటేనండి."

ఆ ఉన్న ఒక్కటీ రోహిణి కార్తెలో పడింది. మాకు ముహూర్తాల పట్టింపు లేదు గానీ, మా పాస్టరు గారు బోరింగు పంపుకి కూడా ప్రార్థన చేస్తారు కాబట్టి నేను గట్టిగా మాట్లాడే వీల్లేకపోయింది. కానీ రోహిణి కార్తెలో మా నేల మీద గునపం వేసేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. మాది బంకమట్టి. ఎండాకాలం రాయిలా బిగుసుకుని, చెయ్యి పట్టేటంత నెర్రెలు విచ్చుతుంది. వానాకాలం ఉబ్బి, అడుగేస్తే కాలు దిగబడిపోతుంది. ఈ మట్టితో ఇక్కడి వాళ్ళంతా వానలు పడి నేల కుదురుకునే దాకా ఆగుతారు. పంచాంగం మాత్రం ఆగలేదు.

"మట్టి సంగతి చూసుకో బాబూ" అన్నాను.

"కువైట్‌లో యాభై డిగ్రీలండి టీచర్ గారూ. ఈ ఎండ మాకో లెక్కాండి?"

"ఎండ అనలేదు, మట్టి అన్నాను."

"మట్టిదేముందండీ, సిమెంటు పోస్తున్నాం గదండీ."

గునపం ఠంగుమంటే చేతుల్లోకి ఝల్లుమంటోంది. మెత్తబడుతుందని బిందెడు నీళ్ళు పోస్తే నెర్రెలోకి పోయి మళ్ళీ కనబడలేదు. మోకాలి లోతు కూడా దిగకుండానే, కువైట్‌లో ఇంతేనండి అని సిమెంటు పోసేశాడు. అక్కడుంది ఇసుక. పైగా అక్కడ కొలతలు వేసింది ఇంకెవడో, ఇతను బిగించేవాడంతే. ఆ ముక్క అతనికి గుర్తు చేసి ప్రయోజనం లేదు, ఇంజనీరులా చొక్కా జేబులో మూడు రంగుల పెన్నులు పెట్టుకుని తిరుగుతున్నాడు.

బిగించాక మాత్రం, నిజం చెప్పుకోవాలి, చూడ్డానికి బావుంది. తెల్లగా, నిటారుగా, రొమ్మెత్తున, పొద్దున్నే స్నానం చేసి నిలబడ్డట్టుంది. మూడూళ్ళ వాళ్ళు సైకిళ్ళు ఆపి చూశారు. మేకొకటి కొరికి చూసి అవమానపడి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళకొచ్చిన కష్టం వేరు. కమ్మల దడైతే ఊడిన జుట్టు, వేపపుల్ల, కొడవలి, విరిగిన గొడుగు, ఏదైనా అందులో దోపేయొచ్చు. దీంట్లో దోపడానికి సందు లేదు. సత్యదుర్గ నెల్లాళ్ళు కొడవలి చేత్తో పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక తిరిగింది.

అవతలి పక్కన జగ్గారావుగారని కొబ్బరికాయల వ్యాపారి. ఆయనకు వేరే సందేహం వచ్చింది.

"కట్లెటున్నాయి ధర్మరాజూ?"

"దీనికి కట్లుండవండి. రెండు పక్కలా ఒకలాగే ఉంటదండి."

"అయితే నాదే అనుకోవచ్చన్నమాట" అని ఆయన తన వైపు లుంగీ ఆరేసుకున్నాడు. కిళ్ళీ వేసుకున్నాక వేలికంటిన సున్నం కూడా దానికే రాయడం మొదలుపెట్టాడు. తెలుపు మీద తెలుపే కదా అని ఆయన వాదన.

ఇవన్నీ పక్కన పెడితే, ఆ ఇంట్లో ఇంకోటి జరిగింది. తండ్రికి దూరదూరంగా తిరిగే పిల్ల, అతను దడి తుడుస్తుంటే తడిగుడ్డ అందివ్వడం మొదలుపెట్టింది. తర్వాత తనే తుడిచింది. జూన్‌లో బడి తెరిచాక సైకిల్ మీద తండ్రి వెనకాల కూర్చుని వచ్చేది. జడలు అతనే వేసేవాడు, ఒకటి చెవి దగ్గరా ఒకటి మెడ దగ్గరా ఉండేది. విప్పి వేస్తాను రా అంటే ఆ పిల్ల ఒప్పుకునేది కాదు. క్లాసులో అందరితో, మా నాన్నగారు ఇంక ఇక్కడే ఉంటారు, దడి చూసి పనిస్తారంట, అని చెప్పేది. నేను ఆ దడి మీద వేసే వెటకారాలన్నీ ఆ పిల్ల లేనప్పుడే వేసుకునేదాన్ని.

వానలు పడ్డాయి. నెర్రెలు మూసుకున్నాయి, నేల ఉబ్బింది. సిమెంటు ముద్దలతో సహా గుంజలు పుచ్చుపళ్ళలా పైకి లేచాయి. ఒకటి రోడ్డు వైపు చూస్తే ఇంకోటి ఇంటి వైపు చూసింది. మూడోది జగ్గారావుగారి హద్దులోకి వంగితే, "నా గాలిలోకొచ్చేసింది, చూసుకో" అని ఆయన నోటీసిచ్చాడు. ధర్మరాజు ప్రతి ఉదయం చెక్క సుత్తితో కొట్టి దించేవాడు. సాయంత్రానికి అవి మళ్ళీ లేచేవి.

"లోపలి వైపు సరుగుడు రాటలు పాతి తాడుతో కట్టెయ్, నిలబడుతుంది" అన్నాను.

"ప్లాస్టిక్ దడికి సరుగుడు రాటాండీ? చూసినోళ్ళు నవ్వుతారండి" అన్నాడు. అంత నామోషీ.

దిండి నుంచి మనిషి వస్తానన్నది జులై ఆఖరి ఆదివారం. ముందు రోజంతా కుంభవృష్టి. తెల్లారి చూస్తే ముందు వైపు గుంజలు నాలుగూ నాలుగు దిక్కులకి ఒరిగిపోయి ఉన్నాయి. సుత్తి వేస్తే బురద చిమ్ముతోంది తప్ప గుంజ దిగడం లేదు. అప్పటికే వీధి మొదట్లో కారు హారన్ వినబడింది. ధర్మరాజు సుత్తి పడేసి రోడ్డు మీదికి పరిగెత్తాడు.

ఆ క్షణంలో ఎవరు ముందు పట్టుకున్నారో నాకిప్పటికీ తెలియదు. సత్యదుర్గ పూలసజ్జ తెచ్చుకుని మందారాలు కోస్తున్నట్టు ఒక గుంజ వెనక చేరి, దాన్ని నడుంతో ఆనించి నిలబెట్టింది. నేను ప్రార్థనకని చర్చికి బయల్దేరిన దాన్ని, తెల్లచీరతో బురదలోకి దిగి, ఇంకో గుంజ పట్టుకుని రెండో చేత్తో పేపరు చదువుతున్నాను. జగ్గారావుగారు, నోటీసిచ్చిన పెద్దమనిషి, లుంగీ ఆరేస్తున్న వంకన మూడోది రెండు చేతులా పట్టుకున్నాడు. ఇంట్లోకొచ్చే దారి పక్కనున్న నాలుగోదాన్ని ఎవరూ చెప్పకుండానే రమ్యశ్రీ వాటేసుకుంది.

వచ్చినాయన పేరు శ్యామ్ బాబు. అక్కడ సూపర్‌వైజరట. గొడుగేసుకుని, రోడ్డు మీంచే ఆ చివర్నుంచి ఈ చివరికి చూశాడు. పక్కన ధర్మరాజు గడగడా చెప్పుకుపోతున్నాడు. చెద పట్టదండి, రంగు వెయ్యక్కర్లేదండి, ఇరవయ్యేళ్ళు ఢోకా లేదండి.

"బావుందండి. లైను కూడా బాగా కుదిరింది" అన్నాడాయన.

బాగా కుదరక ఏం చేస్తుంది, నలుగురం ఊపిరి బిగబట్టి నిలబడితే. నా గుంజ నా బరువు లెక్కచెయ్యకుండా రోడ్డు మీదికి తోసుకొస్తోంది. ప్రభువా, ఈ పొగరుబోతు వెధవని ఈ ఒక్కసారికి గట్టెక్కించు, అని ప్రార్థన కూడా చేసుకున్నాను.

శ్యామ్ బాబు మంచివాడు. అదే మా కొంప ముంచింది. పోతూ పోతూ పిల్లని చూసి ఆగి, జేబులోంచి చాక్లెట్ తీశాడు.

"ఏం పాపా, వానలో అలా నిలబడ్డావు? ఇలా రా, తీసుకో."

"రానండి."

"ఏమ్మా?"

"వదిలితే పడిపోద్దండి. పడిపోతే మా నాన్నగారు కువైట్ వెళ్ళిపోతారండి."

ఆయన దడి మీంచి మా ఒక్కొక్కరినీ చూశాడు. ఒక్క పువ్వూ లేని సజ్జని, తడిసి ముద్దయిన నా పేపరుని, వానలో ఆరుతున్న లుంగీని చూశాడు. నవ్వలేదు. నవ్వుంటే తిట్టుకోడానికి నాకో మనిషైనా దొరికేవాడు. చాక్లెట్ పిల్ల గౌను జేబులో తనే వేసి, ధర్మరాజుని కారు పక్కకి తీసుకెళ్ళాడు. చివర్న ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

"ఏమీ అనుకోకండి ధర్మరాజు గారూ. మాదీ ఇలాంటి మట్టేనండి. ఇటుకల గోడే పెట్టించేస్తాం."

"ఆయ్" అన్నాడు ధర్మరాజు.

కారు వెళ్ళింది. మేం ముగ్గురం చేతులు తీసేశాం. గుంజలు ఎటు ఒరగాలో అటు ఒరిగాయి. రమ్యశ్రీ మాత్రం వదల్లేదు. ధర్మరాజు వచ్చి పిల్ల పక్కన బురదలో గొంతుక్కూర్చున్నాడు.

"ఇంక వదిలెయ్యమ్మా."

"ఒప్పుకున్నారా నాన్నగారూ?"

అతను భార్య వంక చూశాడు. నా వంక చూశాడు. ఈ ఆర్నెల్లూ తీసేస్తే, పదకొండేళ్ళలో భార్యాభర్తలు కలిసున్న రోజులు కూడితే ఏడాది కూడా నిండదు.

"ఒప్పుకున్నారమ్మా" అన్నాడు.

పిల్ల అప్పుడు వదిలింది. బురద చేతులతో పరిగెత్తుకొచ్చి నా చీర పట్టుకుని, "టీచర్ గారండీ, మా నాన్నగారింక వెళ్ళరండి" అంది. పాతికేళ్ళుగా అబద్ధాలాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన దాన్ని, "విన్నానమ్మా" అన్నాను.

ఆగస్టులో ఒక బుధవారం, పిల్లకి జడలు వేసి, తనే బడిలో దింపి, ఇంటికెళ్ళి పెట్టె సర్దుకున్నాడు. అతన్ని కువైట్ విమానానికి తీసుకెళ్ళే కారు బడి ముందునుంచే పోవాలి. అప్పుడు మూడో తరగతి నా దగ్గరే ఉంది. రమ్యశ్రీ లేచి నిలబడి ఏడో ఎక్కం చెబుతోంది. దూరంగా కారు చప్పుడు విని, జల్లు కొడుతోందని కిటికీ తలుపులు వేసి, మళ్ళీ మొదటినుంచి గట్టిగా చెప్పమన్నాను.