సేటు కాలికి కట్టిన కట్టు

ఇవాళ పొద్దున ఒక కుక్క కాలికి కట్టు కట్టాను. మధ్యాహ్నానికి ఆ కట్టు వల్లే దాని కాలు పోయేంత పనైంది. కాల్లో దిగిన తీగ ముక్క చేసింది కొద్ది రోజుల్లో మానే గాయం. మిగతాదంతా నేను చేశాను.

సోలాపూర్‌లో, కుంఠా నాకా దగ్గర, మా ఇంటి వెనకే మా పవర్‌లూమ్ షెడ్డు ఉంది. టెర్రీ తువ్వాళ్లు నేస్తాం. కింద గదుల్లో మా వదిన ఉంటుంది, పైన నేనూ నా భార్యా ఉంటాం. కుక్క వదినది. అంతకుముందు మా అన్నది. దాజీ పేట్‌లో ఎవరింటి మెట్ల కిందో దొరికిందని అన్న దాన్ని నూలు బుట్టలో వేసుకుని తెచ్చాడు. ఎర్రటి ఒళ్లు, ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒక చెవి వాలి ఉంటుంది. షెడ్డులో అందరూ చెమటలు కక్కుతూ పని చేస్తుంటే, అది మాత్రం తలుపు దగ్గర గాలి తగిలే చోటు చూసుకుని కాళ్లు బార్లా చాపి పడుకునేది. ఈ షెడ్డుకు అసలు యజమాని ఇతనే అయి ఉండాలని పనివాళ్లు దానికి సేటు అని పేరు పెట్టారు. యజమానులమైన మా అన్నదమ్ములను మాత్రం ఎవరూ ఎప్పుడూ అలా పిలవలేదు.

పొద్దున మగ్గాలు మొదలైన కాసేపటికి సేటు కుంటుకుంటూ నా దగ్గరికొచ్చింది. ముందు కుడికాలి అడుగు మెత్త చీలి రక్తం కారుతోంది. మగ్గం కింద పడిన ఇనుప తీగ ముక్క ఏదో గుచ్చుకుని ఉంటుంది. ఆ సమయంలో నేను ఫోన్లో ఉన్నాను. నూలు లారీ దారిలో ఆగిపోయిందని వ్యాపారి చెబుతున్నాడు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, తువ్వాలు అంచు ముక్క ఒకటి తీసుకుని ఆ కాలికి చుట్టాను. కడగలేదు. లోపల ఏమైనా ఉందా అని చూడలేదు. ఊడిపోకూడదని పైన నూలు పోగులు నాలుగైదు కలిపి బిగించి చుట్టి ముడి వేశాను. మా చేతులకు వచ్చిన ముడి ఒకటే. తెగిన పోగును అతికే ముడి, చిన్నగా ఉంటుంది, జారదు, లాగినకొద్దీ బిగుస్తుంది. మాటలు సరిగ్గా రాని వయసులో నేర్చుకున్నాను. చేయి వేసేస్తుంది, మనసు అక్కడ ఉండనక్కర్లేదు. ఇవాళ కూడా లేదు. మగ్గం మీద పోగు వాయదు, కాలు వాస్తుంది. ఆ తేడా నాకు తెలియక కాదు, తోచలేదు.

అన్న ఉన్నప్పుడు ఈ పని నా దాకా వచ్చేది కాదు. అన్నకు చక్కెర జబ్బు. చివరి ఏళ్లలో అరికాళ్లకు స్పర్శ పోయింది. ఒకనాడు సాయంత్రం నేల మీద రక్తపు మరకలు కనిపించాయి. సేటు వాటిని వాసన చూసుకుంటూ వెళ్లి అన్న మడమ దగ్గర ఆగి నాకడం మొదలుపెట్టింది. చూస్తే మడమలో మేకు. పొద్దుటి నుంచీ దాని మీదే నడుస్తున్నాడు. డాక్టరు గట్టిగా కోప్పడి, రోజూ అద్దం పెట్టి అరికాళ్లు చూసుకోమన్నాడు. అన్న అప్పటి నుంచి ప్రతి సాయంత్రం గడప మీద కూర్చుని కాళ్లు కడుక్కుని, వేళ్ల మధ్య తడి తుడుచుకుని, గడ్డం గీసుకునే అద్దం అడ్డంగా పెట్టి పాదాలు చూసుకునేవాడు. తనవి అయ్యాక సేటువి. వాడు నావి చూసిండు, నేను వానివి చూడొద్దా అనేవాడు.

నేను ఆ తతంగం రోజూ చూశాను. కుక్కను వెల్లకిలా ఒళ్లో వేసుకుని ఒక్కొక్క కాలూ పట్టుకుని, మెత్తల మధ్య వేలు పెట్టి విడదీసి చూసేవాడు. మా షెడ్డులో గాలి నిండా నూలు నూగే. అది కుక్క వేళ్ల సందుల్లో చేరి, తడి తగిలితే ఉండ కట్టి రాయిలా గట్టిపడుతుంది, దాని మీదే నడుస్తుంటే పుండు పడుతుంది. అన్న ఆ ఉండలు ఓపిగ్గా లాగేవాడు, రాకపోతే చిన్న కత్తెరతో వెంట్రుకలతో సహా కత్తిరించేవాడు. పగుళ్లుంటే కొబ్బరి నూనె కొద్దిగా రాసి, నాకకుండా ఆరేదాకా కబుర్లు చెప్పేవాడు. రంగుల అద్దకం జరిగే సందులోకి పోనిచ్చేవాడు కాదు, ఎప్పుడైనా అది ఆ నీళ్లు తొక్కి వస్తే వెంటనే కాళ్లు కడిగేవాడు. ఎండాకాలం అశోక్ చౌక్ దాకా తీసుకెళ్లేముందు వంగి అరచేతి వెనక వైపు తారు రోడ్డు మీద ఆనించేవాడు. తట్టుకోలేకపోతే వెనక్కి తిరిగేవాడు. తన పాదాలు చెప్పవు కాబట్టి చేతిని అడిగేవాడు. పనివాళ్లు సేటుకు పాదపూజ అయిందా అని ఏడిపించేవాళ్లు. నేనూ వాళ్లలో ఒకణ్ని. ఒకసారి, నీ కాళ్లు నువ్వు చూసుకుంటే చాలదా, కుక్కకేం, నొప్పైతే అదే అరుస్తుంది కదా అన్నాను. అన్న తల కూడా ఎత్తలేదు.

“నాకు నొస్తలేదురా తమ్ముడా. నా బాధ గదే.”

కిందటి వానల్లో అన్న పోయాడు. గుండెపోటు, ఒక పొద్దున, ఎవరికీ ఏమీ చేసే వ్యవధి ఇవ్వకుండా. నాకు ఏడుపు రాలేదు. కర్మ అయిన మర్నాడే షెడ్డు తెరిచాను. గట్టివాడని మా వాళ్లు మెచ్చుకున్నారు. గట్టితనం కాదని నాకు తెలుసు, కానీ మరేమిటో కూడా తెలియదు. తిన్నాను, నిద్రపోయాను, నూలు తెప్పించాను, సరుకు పంపాను. ఎవరైనా అన్న పేరెత్తితే వింటున్నట్టు తలాడించాను. దవడ పన్ను పీకించుకునేటప్పుడు మత్తు ఇస్తే చెంప అక్కడే ఉంటుంది, మనదే, కానీ గిల్లినా తెలియదు. ఏడాదిగా అలా ఉన్నాను.

ఇవాళ్టి సంగతికి వస్తాను. పొద్దున కట్టు కట్టాక సేటు రెండుసార్లు నా దగ్గరికొచ్చి ఆ కాలు నా మోకాలి మీద పెట్టింది. మొదటిసారి తల నిమిరి పంపాను. రెండోసారి ఒక మగ్గం ఆగిపోయి ఉంది, పక్కకు నెట్టేశాను. మూడోసారి రాలేదు. నూలు చుట్టిన బీము వెనక చీకట్లోకి వెళ్లి పడుకుంది. హమ్మయ్య, నొప్పి తగ్గింది అనుకున్నాను.

మధ్యాహ్నం జొన్నరొట్టె పెట్టడానికి వదిన పిలిస్తే సేటు లేవలేదు. ఆమె బీము వెనకకు వంగి దూరి, దాన్ని ఎత్తుకుని బయటికొచ్చింది. కట్టు కింద నుంచి వేళ్లు ఉబ్బి, విడిపోయి, గోళ్లు తలో దిక్కు చూస్తున్నాయి. మగ్గాల మోతలో ఆమె మాట వినపడలేదు. నా చేయి పట్టుకుని ఆ వేళ్ల మీద పెట్టింది. మే నెల ఎండలో, రేకుల షెడ్డులో, ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి.

ముడి విప్పబోయాను. రాలేదు. కత్తెర పెట్టడానికి సందు లేదు, పోగులు చర్మంలోకి దిగాయి. రిక్షాలో జనావరాల దవాఖానకు, అంటే పశువుల ఆస్పత్రికి, పోయాం. డాక్టరమ్మ మరాఠీ మనిషి, చిన్న వయసు. సన్న కత్తెరతో ఒక్కొక్క పోగూ తెంపుతూ, తల తిప్పకుండా అడిగింది.

“పట్టీ కుణీ బాంధలీ?”

ఈ కట్టు ఎవరు కట్టారు అని. నేనే అన్నాను. ఆమె గాయంలోంచి తీగ కొన తీసి, ఉప్పునీళ్లతో కడిగింది. తర్వాత వేళ్ల మధ్య చర్మం పట్టకారుతో నొక్కింది. సేటు కదల్లేదు. ఇంకొక వేలు నొక్కింది. సేటు గోడ వైపు చూస్తూనే ఉంది. రక్తం తిరిగి వస్తుందేమో కాసేపు ఆగి చూద్దాం, రాకపోతే వేళ్లు తీసేయాల్సి రావచ్చు, కుళ్లు పైదాకా పాకితే కాలు కూడా అంది. అంతా మామూలు గొంతుతోనే చెప్పింది. నేను కూడా మామూలుగానే విన్నాను. అప్పుడు నన్ను చూసి నాకే భయం వేసింది.

బయట బెంచీ మీద కూర్చున్నాం. సేటు వదిన ఒళ్లో ఉంది. నాకు ఏదో ఒకటి అనాలనిపించింది. తప్పైంది వదినె, ఫోన్ల ఉండి కట్టిన అన్నాను.

“కట్టినందుకు నేనేం అంటలే,” అంది వదిన. “మల్ల తిరిగి చూడకపోతివి. గది.”

ఆమె ఒళ్లోని సేటు తల నిమురుతూ మళ్లీ మాట్లాడింది. కోపంగా కాదు, ఎప్పటి నుంచో మడిచి పెట్టుకున్న గుడ్డ విప్పినట్టు.

“బియ్యం తెస్తవు. గ్యాస్ తెస్తవు. లైట్ బిల్ కడ్తవు. ఎవ్వరు అడిగినా నా మర్ది బంగారం అనే చెప్త. మీ అన్న పోయినంక ఒక్కనాడన్న వచ్చి గడప మీద కూసున్నవా? నాకు మాట్లాడెతందుకు వీడొక్కడే ఉండె. వీని కాలు కూడ గిట్ల జేస్తివి.”

కింద గదుల ముందు నుంచి రోజుకు ఎన్నోసార్లు షెడ్డులోకి పోతాను, వస్తాను. ఆమె గడపలో కూర్చుని ఉంటుంది. ఏమన్న కావాల్నా వదినె అని నడుస్తూనే అడుగుతాను. ఏం వద్దు అంటుంది. ఆ మాట పూర్తయ్యేలోపు నేను మగ్గాల మోతలో ఉంటాను. వదిన దగ్గరా అంతే, కట్టి, ముడి వేసి, వెళ్లిపోయాను.

డాక్టరమ్మ మళ్లీ పిలిచింది. కుక్క తల పట్టుకోమని నాతో చెప్పింది. పట్టుకున్నాను. మొదటి వేలు నొక్కింది. సేటు చెవి కొద్దిగా కదిలింది. రెండో వేలు గట్టిగా నొక్కింది. అంతే, సేటు గిర్రున తిరిగి నా మణికట్టు పట్టుకుంది. పళ్లు దిగాయి. డాక్టరమ్మ నవ్వింది, చాంగలం, మంచిదే అంటూ. వదిన కళ్లు తుడుచుకుంటూ నా చేతికేసి చూసింది.

“కరిచిండా? మంచిగైంది.”

కాలికి స్పర్శ వచ్చినందుకో, నన్ను కరిచినందుకో, దేనికన్నదో నేను అడగలేదు. డాక్టరమ్మ నన్ను కుళాయి కింద సబ్బుతో చాలాసేపు చేయి కడుక్కోమంది. కుక్కకు టీకాలు అయ్యాయా అని అడిగితే వదిన తలూపింది. అన్న పోయాక కూడా తానే తీసుకొచ్చి వేయిస్తోందట. అదీ నాకు తెలియదు. టీకాలున్నా సరే, రేపు పొద్దున మనుషుల ఆస్పత్రికి వెళ్లి చూపించుకోమని నాకు చెప్పింది. మణికట్టు సలుపుతోంది. ఆ సలుపు మీద చేయి పెట్టుకుని కూర్చుంటే, ఎందుకో తెలియదు, తీసేయాలనిపించలేదు.

తర్వాత కట్టు ఎలా కట్టాలో చూపించింది. వేళ్ల మధ్య దూది పలచగా పెట్టాలి, చుట్టు కింద మన వేలు దూరేంత వదులుండాలి, మధ్య వేళ్ల గోళ్లు బయటికి కనపడాలి. వాటిని ముట్టుకుని చూస్తూ ఉండాలి, వాచినా, చల్లబడినా, వాసన వచ్చినా వెంటనే విప్పాలి. రోజూ మార్చాలి, తడవనివ్వకూడదు. అన్న కూడా ఇలాంటి కట్టు మీద పాత మేజోడు తొడిగి, వాకిట్లోకి పోయేటప్పుడు ప్లాస్టిక్ సంచీ కట్టి, లోపలికి రాగానే విప్పేవాడని వదిన గుర్తు చేసింది.

ఇంటికొచ్చాక మగ్గాలన్నీ ఆపించాను. పని ఉన్న రోజున మగ్గం ఆపడం మాకు అలవాటు లేదు, ఎవరైనా చనిపోయారేమో అని పనివాళ్లు అనుకున్నారు. ఒక్కొక్క మగ్గం కింద పాకి, అయస్కాంతం తిప్పి, మూలమూలా ఊడ్చాను. తీగ ముక్కలు, మేకులు, విరిగిన రేకు ముక్కలు, డబ్బా నిండింది. వాళ్లు సాయానికొస్తే వద్దన్నాను. ఆ తర్వాత కాళ్లు కడుక్కుని వచ్చి వదిన గడప మీద కూర్చున్నాను.

ఆమె చాయ్ ఇచ్చింది. పక్కింటి వాళ్ల కూలర్ మోత గురించి చెప్పింది. అన్న చక్కెర జబ్బు పెట్టుకుని దొంగతనంగా జిలేబీ తిన్న సంగతి చెప్పి నవ్వింది, మధ్యలో ఆపేసింది. నేను లేవలేదు. సేటు తల ఆమె ఒళ్లో, కాళ్లు నా ఒళ్లో. కట్టులోంచి బయటికున్న రెండు వేళ్లనూ మాటిమాటికీ ముట్టుకుని చూస్తున్నాను. ఒకటి వెచ్చగా ఉంది. రెండోది అంతగా లేదు, రేపు చూడాలి. అన్న పోయి ఏడాది కావస్తోంది. ఆ ఏడాదిలో నేను ఊరికే కూర్చున్న మొదటి సాయంత్రం ఇది.