పిస్టల్ లేని పెట్టె

1979 ఎండాకాలం. అప్పటికి మా ఆయన పోయి ఏడాది. వరంగల్ స్టేషన్ దారిలో ఆయన నడిపిన పాత సామాన్ల దుకాణంలో నేను కూర్చుంటున్నాను. నాకు సంతకం తప్ప రాయరాదు. ఇది కూడా నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది.

పాత సామాన్ల దుకాణానికి రకరకాల పిచ్చి ఉన్నవాళ్లు వస్తారు. కాజీపేటలో ఉండే రిటైర్డ్ రైల్వే గార్డు ఒకాయనకు ఎయిర్ పిస్టళ్ల పిచ్చి. అవి మందు పెట్టి పేల్చేవి కావు. గాలి ఒత్తిడితో చిన్న సీసం గుండు కొట్టేవి. జాతరలో బుగ్గలు, అంటే గాలి బెలూన్లు, పేల్చే దుకాణాల్లో చూసే ఉంటారు. సారు దగ్గర పాత పిస్టళ్లు ఉన్నాయి గానీ, వాటితో పాటు కంపెనీ నుంచి వచ్చిన పెట్టెలు లేవు. వాటిని ఒరిజినల్ కేస్ అంటారు. లోపల మఖ్మల్ గుడ్డ, ఆ గుడ్డలో పిస్టల్ ఆకారంలోనే ఒక పల్లం. జనం ఆ పెట్టెల్లో సూదీ దారం పెట్టుకునేవారు. నా కంటపడ్డవి సారు కోసం తీసి పెట్టేదాన్ని.

“పిస్టళ్లకు ఇండ్లు కట్టిస్తాన్రు సారూ, మీ ఇంటికి సున్నమెప్పుడేస్తరు?” అనేదాన్ని.

“నాకేంది చెల్లె, క్వార్టర్లల్ల పెరిగినోన్ని” అని నవ్వేవాడు.

ఏ పిస్టల్ ఏ పెట్టెదో చూడటం మా ఆయన నేర్పాడు. పిస్టల్ పెట్టి, మూసి, చెవి దగ్గర ఊపాలి. చప్పుడు రాకపోతే అది దాని సొంత పెట్టె.

ఆ ఎండల్లోనే కాశిబుగ్గ నుంచి లచ్చవ్వ అనే ఆవిడ ఒక ఖాళీ పెట్టె తెచ్చింది. నాలాగే మొగుడు పోయిన మనిషి. అమ్మడానికి కాదు, ఊడిన గొళ్లెం వేయించుకోవడానికి. ఆమె భర్త జాతరలు తిరుగుతూ బుగ్గల దుకాణం పెట్టేవాడట. టీబీ వస్తే దవాఖాన ఖర్చులకు పిస్టల్ అమ్మేశారు.

“పెట్టె గూడ ఇయ్యుమన్నడక్కా, కొన్నాయన. నేనియ్యలే, దాసిపెట్టిన. అది గూడ పోతే మా ఆయనకు ఇగ ఆశేడుంటది? నువ్వు లేచినంక పిస్టల్ మల్ల కొనుక్కుందామని చెప్పిన.”

“కొన్నరా?”

“ఆయన లేస్తే గద.”

గొళ్లెం బిగిస్తుండగానే గార్డు సారు వచ్చాడు. పెట్టె తెరిచాడు. పిడి ఉండే చోట మఖ్మల్ మీద పచ్చటి చిలుము చారలు. వాటి మీద వేలు పెట్టి ఆగిపోయాడు.

“పిడికి ఇత్తడి తీగ సుట్టి ఉండెనా తల్లీ?”

“పలిగితే మా ఆయనే సుట్టిండు. మీకెట్ల ఎరుక?”

“హైదరాబాద్ పాత బజార్ల కొన్న. నా కాడున్నది.”

వెంటనే కాజీపేట వెళ్లి తెచ్చాడు. అప్పటిదాకా లచ్చవ్వ మంచినీళ్లు కూడా ముట్టలేదు. తీగ చుట్లు పచ్చ చారల మీద సరిగ్గా కూర్చున్నాయి. మూసి ఊపాను. చప్పుడు లేదు.

“ఏం గావాల్నో అడుగు తల్లీ” అన్నాడు సారు. జేబులోంచి పర్సు తీశాడు.

లచ్చవ్వ పెట్టె తెరిచి, పిడిని ఒకసారి అరచేత్తో పట్టుకుని వదిలింది.

“నాకేమొద్దు. రెండూ మీ కాడనే ఉంచుండ్రి. మా జత ఎట్లాగూ ఇడిపోయింది. గీ జతనన్న ఇడగొట్టకుండ్రి సారూ.”

“నా పానమున్నంత వరకు ఇడగొట్ట.”

మాట తప్పలేదు. కానీ ఆ మాట ఆయన ప్రాణం వరకే. ఐదారేళ్లకు సారు పోయాడు. ఇంట్లోవాళ్లు పిస్టళ్లన్నీ ఎవరికో అమ్మేశారు. పెట్టెలు మాత్రం బస్తాలో మా దుకాణానికే వచ్చాయి. ఒకదాంట్లో పచ్చ చారలు. పిస్టల్ కొన్నది ఏ ఊరివాడో వాళ్లకూ తెలియదన్నారు.

పెట్టె పట్టుకుని కాశిబుగ్గ వెళ్లాను. లచ్చవ్వ మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చి, ఒళ్లో పెట్టుకుని తెరిచింది.

“మల్ల ఒక్కదానివే వచ్చినవానే?” అంది పెట్టెతో.

సారు సంగతి చెప్పబోయాను. వినలేదు. మూత వేసి, నేను చేసినట్టే చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

ఇన్నేళ్ల వ్యాపారంలో ఆ పరీక్ష ఎన్నిసార్లు చేశానో. ఖాళీ పెట్టెతో మాత్రం ఎప్పుడూ చేయలేదు. ఖాళీ పెట్టె కూడా చప్పుడు చేయదని ఆ రోజు తెలిసింది.