తొమ్మిది పళ్ల చక్రం

వీధి వీధంతా ఆయనను పళ్ల మేస్త్రి అని పిలిచేది. దంతవైద్యంతో ఆయనకు ఏ సంబంధమూ లేదు. పాతకాలపు కార్లకు సరిపోయే స్టార్టర్లను వెదికి అమర్చడం ఆయన వృత్తి. స్టార్టరు కొసన ఉండే చిన్నచక్రం పళ్లు ఇంజను వెనుక ఉండే పెద్దచక్రం పళ్లలో ఇమిడి దానిని తిప్పితేనే బండి మేల్కొంటుంది. ఒక్క పన్ను ఎక్కువైనా, తక్కువైనా ఆ రెంటికీ పొసగదు. మేస్త్రి ఆ పళ్లను కళ్లు మూసుకొని, జపమాల తిప్పినట్లు బొటనవేలితో లెక్కించేవాడు. తరువాత మెత్తబరచిన సబ్బుబిళ్ల మీద వాటి అచ్చు తీసి, దానిని జేబులో వేసుకొని పాతసామాన్ల కొట్లు గాలించేవాడు. ముప్పయ్యేళ్లలో తన సబ్బు ఒక్కసారీ తప్పు చెప్పలేదని ఆయన అడిగినవారికీ, అడగనివారికీ చెప్పేవాడు. ఆయనలో ఎన్నదగిన లోపం అదొక్కటే.

ఒక శుక్రవారం ఉదయం, ఆసుపత్రిలో ఉద్యోగ విరమణ చేసిన నర్సమ్మ తన పాత కారును నలుగురి చేత నెట్టించుకొని షెడ్డుకు వచ్చింది.

"సోమవారం తనిఖీ మేస్త్రీ. ఆఫీసరు ఎదుట నేను సీట్లో కూర్చుని తాళం తిప్పితే స్టార్టవ్వాలట. అవ్వకపోతే బండి కాగితాలు రద్దు. ఇది మూడో నోటీసు."

"మరి ఇన్నాళ్లూ ఎలా నడిపారమ్మా?"

"ముందర హ్యాండిలు పెట్టి తిప్పేదాన్ని. ఈ మణికట్టు విరిగాక ఇంజనే నన్ను తిప్పుతోంది."

మేస్త్రి స్టార్టరు విప్పి చూశాడు. లోపలి తీగచుట్టలు మాడి బొగ్గయ్యాయి. ఇక దానిని తిప్పి చూసే వీలు లేదు. అందుచేత పళ్లవైపు నిలబడి చిన్నచక్రం జరిగే మరచుట్టు (స్క్రూ గాడి) వాలును పరిశీలించి, ఇది కుడికి తిరిగేదని నిశ్చయించుకొన్నాడు. పళ్లు తొమ్మిది. అచ్చు తీసుకొన్నాక, తీసిన సరుకు యజమానిదే అన్న తన నియమం ప్రకారం పాతదానిని ఆమె చేతిలో పెట్టాడు.

"పారేయండమ్మా. దానికి నూకలు చెల్లాయి."

మరునాడు పాతసామాన్ల కొట్టుకు వెళ్లాడు. ఆ కొట్టు ఆయన అక్క భర్తది.

"బావా, తొమ్మిది పళ్లు, రెండు బోల్టులు, పన్నెండు వోల్టులు కావాలి."

"సంబంధం చూస్తున్నావా, సామాను చూస్తున్నావా? జాతకమేదీ?"

"ఇదిగో, సబ్బు మీదుంది."

రెండు గంటలు గుట్ట తిరగేస్తే అన్నివిధాలా అతికే స్టార్టరొకటి దొరికింది. బల్లమీద పెట్టి బ్యాటరీ తీగలు తగిలించగానే గర్జించింది. సరిగా అప్పుడే బావ బల్ల అవతలి కొస నుండి మాట అందుకొన్నాడు.

"రేపు భోజనానికి రమ్మంది మీ అక్క. నువ్వు రాకపోతే ఆ కూరంతా నేనే తినాలి, గుర్తుంచుకో!"

"అక్క వంటకి వంకలు పెడితే మూతి పళ్లు లెక్కపెడతాను బావా!" అంటూ మేస్త్రి బల్ల చుట్టి స్టార్టరు తోకవైపుకు వచ్చాడు. అటునుండి చూస్తే అది కుడికే తిరుగుతున్నది. మనస్సు సరేనన్నది.

ఆదివారం ఉదయం దానిని కారుకు బిగించి తాళం తిప్పాడు. ఇంజను కదిలింది, దగ్గింది, కాని అంటుకోలేదు. భోజనానికి పిలుచుకుపోవడానికి వచ్చిన బావను మూడోసారి తిప్పమని కూర్చోబెట్టి ముందుకు వచ్చి చూస్తే, ఫ్యాను వెనక్కి తిరుగుతున్నది. నిన్న బల్ల దగ్గర తాను నిలబడిన చోటు అప్పుడు గుర్తుకు వచ్చింది. పళ్లవైపు నుండి చూడవలసినదానిని తోకవైపు నుండి చూశాడు.

లోపల రెండు తీగల కొసలు మారిస్తే మోటారు దిక్కు మారుతుంది. చిన్నచక్రాన్ని ముందుకు నెట్టే మరచుట్టు మాత్రం మారదు. దానికి పాత స్టార్టరులోని చక్రమే, మరచుట్టుతో సహా, కావాలి. అది నర్సమ్మ చేతికిచ్చి పారేయమన్నది తానే.

"సరుకే చెడ్డదని చెప్పు" అన్నాడు బావ. "నా మీద తోసెయ్. నా పరువుకి కొత్తగా వచ్చే నష్టమేముంది?"

మేస్త్రి చేతులు తుడుచుకొని నర్సమ్మ ఇంటికి నడిచాడు.

"అమ్మా, తప్పు నాదే. తిరిగే దిక్కు తారుమారుగా చూశాను. పాతది ఎక్కడ పారేశారు?"

ఆమె వంటింటివైపు చూపించింది. గాలికి కొట్టుకోకుండా తలుపును అదిమిపట్టి మాడిన స్టార్టరు అక్కడే ఉంది.

"పారేయమన్నానుగా!"

"నూకలు చెల్లాయని డాక్టర్లన్న వాళ్లు ఎంతమంది లేచి నడిచి వెళ్లారో నీకేం తెలుసు? నేనంత తొందరగా ఎవర్నీ పారేయను."

సాయంకాలానికి పాతచక్రం కొత్త మోటారులో కుదిరింది, తీగల కొసలు మారాయి. ఈసారి మేస్త్రి పళ్లవైపే నిలబడి తిప్పి చూశాడు; బావ ఏమన్నా తల తిప్పలేదు. సోమవారం ఆఫీసరు ఎదుట నర్సమ్మ తాళం ఒక్కసారే తిప్పింది. ఇంజను అంటుకొన్నది. ఆయన కాగితం మీద ముద్ర వేశాడు.

ఆ వారమంతా మేస్త్రి బావ కొట్టులోని స్టార్టర్లను ఒక్కొక్కటిగా తిప్పి చూసి, వాటి మీద తెల్లరంగుతో బాణం గుర్తులు వేశాడు. సబ్బు సంగతి ఎవరైనా ఎత్తితే, "అది పళ్లు చెబుతుందండీ, దిక్కు చెప్పదు" అనడం మొదలుపెట్టాడు.

చక్రం పోయిన మాడిన మోటారును తానే మోసుకెళ్లి వంటింటి తలుపుకు ఆనించి వచ్చాడు. తీసిన సరుకు యజమానిదే కదా.