మా ఇద్దరి ఫొటోలో మూడో బాక్సు

ముందే చెప్తున్నాను, నాకు దయ్యాలంటే నమ్మకం లేదు. ఖానాపూర్‌లో మా అవ్వగారింటి వెనక సందు దాటితే బొందలగడ్డే. బడికి ఆలస్యమైతే ఆ సమాధుల మధ్య నుంచే అడ్డం పడి ఉరికేవాళ్ళం. రేగుపళ్ళు కూడా అక్కడే ఏరుకున్నాం. కడుపునొప్పి వచ్చింది కానీ దయ్యం మాత్రం పట్టలేదు. చదివింది పదో తరగతే అయినా, కంటికి కనపడనిదాన్ని నమ్మొద్దన్న తెలివి ఉందనుకునేదాన్ని.

ఇప్పుడు చెప్పేది పట్టపగలు, మా వాకిట్లో జరిగింది. నేనొక్కదాన్నే కాదు, మా ఆయన కూడా చూశాడు.

నాకు మొదటి పెళ్ళే, ఆయనకు మాత్రం రెండోది. మొదటి భార్య స్వరూప కామెర్లతో పోయింది. అప్పుడు ఆయన మస్కట్‌లో పనిలో ఉన్నాడు. సెలవు దొరికి వచ్చేసరికి అంతా అయిపోయింది, ఆఖరిచూపు దక్కలేదు. మూడేళ్ళ తర్వాత నన్ను చేసుకున్నాడు. అత్తగారి ఊరు చొప్పదండి దగ్గర.

మా దిక్కు ఒక పద్ధతి ఉంది. మొదటి భార్య పోయినవాడిని చేసుకుంటే, ఆమె పేరున ఒక చిన్న వెండి బిళ్ళ చేయించి, పుస్తెలతో పాటు రెండో ఆమె మెడలో కడతారు. దాని మీద ఆడమనిషి బొమ్మ అచ్చు ఉంటుంది. సవతి బిళ్ళ అంటాం. పండగ పూట దానికీ బొట్టు పెట్టాలి. కొత్త చీర ముందు దానికి తాకించి, తర్వాతే నేను కట్టుకోవాలి.

చెప్పుకోవడానికి సిగ్గే కానీ, నాకు ఆమె అంటే కుళ్ళు. బతికున్న సవతి అయితే జుట్టు పట్టుకుని కొట్లాడొచ్చు. లేని మనిషితో ఏం కొట్లాడతాం? గోడ మీద ఫొటోలో కూడా సరిగా కనపడదు. ఎవరి పెళ్ళిలోనో గుంపులో దిగిన ఫొటోలోంచి ముఖం ఒక్కటే కోసి పెద్దది చేయించారు, అంతా మసక. నవ్వుతోందో లేదో కూడా తెలియదు. స్వరూప ముఖం కళగా ఉండేదని మా అత్త అన్నప్పుడల్లా, ఎంత కళో నా ముఖంతో పోల్చుకుందామన్నా వీల్లేదు.

పెళ్ళైన నెలకే వెళ్ళిపోయిన మా ఆయన, మొన్న రెండు నెలల సెలవు మీద వచ్చినప్పుడు కెమెరా తెచ్చాడు. సీలు కూడా తియ్యని డబ్బా నా చేతిలో పెట్టి, నీకేనన్నాడు.

చూడటానికి సబ్బుపెట్టెంత. చేతిలోకి తీసుకుంటే మాత్రం గట్టి బరువు, అంతా ఇనుమే. బటన్ నొక్కితే తాబేలు తల బయటపెట్టినట్టు లెన్సు ముందుకు వస్తుంది. జూమ్ సంగతి ఎంత చెప్పినా తక్కువే. మా డాబా మీద నిలబడి పొలాల అవతల గట్టు మీది కొంగను దగ్గరికి లాగితే, దాని కంట్లో పసుపు రంగు కనపడింది. నున్నగా జారిపోతుందని చేతికి తాడు కట్టుకున్నాను. బ్యాటరీ ఒక్కటే బాధ, మధ్యాహ్నానికే అయిపోతుంది. వెనక తెరను పైకి తిప్పితే మనల్ని మనం చూసుకుంటూ ఫొటో దిగొచ్చు. ముఖం కనపడితే దాని మీద తెల్లటి బాక్సు పడుతుంది. అది పచ్చగా మారిందంటే ముఖం క్లియర్‌గా వస్తుందన్నమాట.

ఊరంతా చూపించాలని నేను ఉబలాటపడుతుంటే మా అత్త ఒక్క మాట అంది.

"స్వరూప అడిగి అడిగి పాయె. ఇప్పటికి తెచ్చినవా కొడుకా."

రెండు రోజులు దాన్ని ముట్టలేదు. నిజమేనా అని మా ఆయన్ను నిలదీశాను. అవును, అడిగింది, సరైన ఫొటో ఒక్కటి లేకుండానే పోయింది, నీకైనా ఉండాలని తెచ్చాను అన్నాడు. మంచి మాటే. నాకు మాత్రం ఆ 'నీకైనా' అన్న ముక్కే గుచ్చుకుంది.

తర్వాత ఆయనే బుజ్జగించాడు. ఇద్దరం కలిసి ఒక మంచి ఫొటో దిగుదాం, కడిగించుకుని పోతాను, మస్కట్‌లో నా మంచం పక్కన గోడకు అతికించుకుంటా అన్నాడు. అప్పటి నుంచి నాకు అదే ధ్యాస. ఆ గోడ మీద మేమిద్దరమే ఉండాలి.

మొదట నన్ను ఒక్కదాన్నే తీశాడు. తీసి నవ్వాడు. బాక్సు నా ముఖం మీద పడలేదట, మెడ దగ్గర బిళ్ళ మీద పడిందట. బిళ్ళ మీద బొమ్మ ఉంది కదా, దాన్నే ముఖం అనుకుందిలే అన్నాడు. నేనూ సరే అనుకున్నాను. ఫొటోలో బిళ్ళ మీద గీసిన కళ్ళు కూడా క్లియర్‌గా ఉన్నాయి. వెనక నా ముఖం మసక, అచ్చం గోడ మీది ఆమె ఫొటోలాగ.

ఆ బిళ్ళను ఆయన చాలాసేపు జూమ్ చేసి చూస్తూ కూర్చున్నాడు. నన్ను అంతసేపు ఎప్పుడూ చూడలేదు.

వారం రోజులు అదే వరస. మా అత్తను తీస్తే ముఖం మీదే పడుతుంది. నాతో కలిసి బీడీలు చుట్టే పక్కింటి వదినను తీసినా అంతే. నన్ను తీస్తే బిళ్ళ మీదికి పోతుంది. కొంగు కప్పుకుంటే నా భుజం పక్కన అటూ ఇటూ తిరిగి, ఎక్కడా ఆగదు.

ఆయన వెళ్ళడానికి నాలుగు రోజుల ముందు, మా అత్త బీడీలు అప్పజెప్పడానికి కంపెనీకి పోయింది. నేను లోపలికి వెళ్ళి, పుస్తెలతాడులోంచి బిళ్ళ తీసి బియ్యం డబ్బాలో దాచాను. అట్లా తియ్యకూడదని తెలుసు. ఒక్క ఫొటో కోసమే కదా అనుకున్నాను. ఆయనకు చెప్పలేదు.

వాకిట్లో నవారు మంచం వేసి, ఎదురుగా నీళ్ళ గోలెం అంచు మీద కెమెరా పెట్టాం. తెర మావైపు తిప్పి, టైమర్ పది సెకన్లు పెట్టాడు. వీధి తలుపు తీసే ఉంది, ఎవరైనా చూస్తారని నడుమ కొంచెం ఎడం ఉంచి కూర్చున్నాం. తెర మీద ఆయన ముఖానికి ఒక బాక్సు, నా ముఖానికి ఒకటి పడ్డాయి. నాకు సంతోషమైంది.

అప్పుడు మూడోది పడింది. మా ఇద్దరి మధ్యలో, ఖాళీలో, నా చెవి ఎత్తున. వెనక ఉత్త సున్నం గోడ, క్యాలెండర్ కూడా లేదు. ఊపిరి తీసుకునే మనిషి ముఖం మీద బాక్సు ఎట్లా మెల్లగా కదులుతుందో అట్లా కదిలింది. కదిలి, పచ్చగా మారింది. మా ఇద్దరివీ తెల్లగానే ఉండిపోయాయి.

ఆయన తెరనే చూస్తూ మెల్లగా అన్నాడు.

"జర జరుగు."

దగ్గరికి రమ్మంటున్నాడనుకుని ఆయన వైపు జరిగాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"గిటు గాదే. గటు."

చెప్పి తనూ ఆ కొసకు జరిగాడు, బస్సులో ఇంకొకరికి చోటిచ్చినట్టు. కెమెరా టక్కుమంది.

ఫొటోలో మా ముఖాలు మసక. వెనక గోడ కూడా మసకే. మా నడుమ ఉన్న నవారు మాత్రం పోగులు లెక్కపెట్టేంత క్లియర్‌గా ఉంది. అక్కడ కొంచెం కిందికి దిగి ఉంది. ఇద్దరం కూర్చున్నాం కాబట్టి దిగిందనుకోవచ్చు. నేనూ అట్లాగే అనుకోవాలని చూశాను.

చొప్పదండిలో ఫొటో స్టూడియో అతను, ఇది ఫోకస్ తప్పింది, వేరేది ఇవ్వమన్నాడు. కెమెరా చెడిపోయిందేమోనని తనే నాలుగు ఫొటోలు తీసి చూసి, బాగానే ఉందన్నాడు. మా ఆయన వినలేదు, అదే కడిగించమన్నాడు. నేను ఒక్కదాన్నే ఉన్నది ఏదైనా పట్టుకుపొమ్మని బతిమాలాను. ఇదే కావాలన్నాడు. ఆ ఫొటోను చొక్కా జేబులో పెట్టుకునే విమానం ఎక్కాడు.

ఫొటో దిగిన సాయంత్రమే బియ్యంలోంచి బిళ్ళ తీసి కడిగి, బొట్టు పెట్టి మళ్ళీ మెడలో వేసుకున్నాను. భయపడుతూనే తెర తిప్పి చూశాను. బాక్సు నేరుగా నా ముఖం మీద పడింది, వెంటనే పచ్చగా మారింది. బిళ్ళ వైపు పోనే లేదు. అప్పటి నుంచి ఎప్పుడు చూసినా అంతే. నా ఫొటోలు ఇప్పుడు అద్దంలా వస్తున్నాయి. మా అత్త కూడా మెచ్చుకుంటుంది.

శుక్రవారం ఆయనకు సెలవు, మధ్యాహ్నం వీడియో కాల్ చేస్తాడు. వెనక గోడకు మా ఫొటో కనపడుతుంది. ఎప్పుడు చేసినా మంచం కొసకే కూర్చుంటాడు, పక్కన ఒక మనిషికి సరిపడా ఖాళీ. ఒకసారి అడిగేశాను.

"నడుమ కూసోరాదయ్యా, మంచమంత ఖాళీనే ఉన్నది గద."

"నడుమనే కూసున్న గదనే," అన్నాడు.

నన్నూ అక్కడికి తీసుకుపొమ్మని ఎన్నిసార్లు అడిగానో. మా పనివాళ్ళకు భార్యను తెచ్చుకునే వీసా ఇవ్వరే అంటాడు. ఆమెకు వీసాతో పని లేదు కదా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

అది కెమెరా లోపమో, మా కళ్ళ లోపమో, ఇంకేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్ళు చెప్తే వింటాను. రోజూ మధ్యాహ్నం మా అత్త పడుకున్నాక గోలెం మీద కెమెరా పెట్టి, నవారు మంచం మీద ఒక కొసకు జరిగి, పక్కన ఆమెకు చోటు వదిలి కూర్చుంటున్నాను. తెర మీద ఒక్కటే బాక్సు పడుతుంది.