కోట్ల మాస్టారి అస్తరు సందు

దర్జీ కోట్ల మాస్టారు జీవితంలో రెండింటినే నమ్మాడు: తన కత్తెరను, కళ్లెదుట పరిచిన గుడ్డను. విప్పి చూడకుండా బాగుచేస్తానన్నవాడు ఆయన దృష్టిలో మోసగాడు. అలాంటి మనిషికి అన్నవాహికలో గడ్డ తేలింది. మెతుకు దిగడం మానేసింది. మంచినీళ్లు కూడా గొంతు దాటాక కాసేపు ఆలోచించుకుని మరీ వెళ్తున్నాయి.

"గడ్డ ఉన్న గొట్టం తీసేసి, మీ కడుపునే సన్నగా కుట్టి పైకి జరుపుతాం. ఛాతీ చీల్చకుండా, చిన్న రంధ్రాల్లోంచే," అంది సర్జనమ్మ.

మాస్టారు కుర్చీలోంచి లేచాడు. "కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి పనిచేసేవాణ్ణి మా వీధిలో దొంగంటారమ్మా. చేస్తే గల్లా నుంచి అంచు దాకా విప్పి చెయ్యండి. లేదా నన్నిలాగే పోనివ్వండి."

"ఊరికే అనడం లేదు మాస్టారూ. రోగులకి చీట్లేసి, కొందరికి పెద్ద కోత, కొందరికి రంధ్రాలు పెట్టి పోల్చి చూశారు. రంధ్రాలవాళ్లకి ఊపిరితిత్తుల్లో నెమ్ము తక్కువ, నొప్పి తక్కువ."

"మనుషులకి చీట్లేశారా!"

"వెయ్యకపోతే గట్టివాళ్లందర్నీ మావైపు లాక్కుని, చూశారా మా ప్రతాపం అనేవాళ్లం."

"మరి ఆయుష్షు?"

"అందులో పెద్ద తేడా కనబడలేదు. పైగా చెయ్యి తిరిగినవాళ్లే చెయ్యాలి."

అమ్మేవాళ్లు ఇంత నిజం చెప్పగా మాస్టారు ఎన్నడూ వినలేదు. దాంతో అనుమానం రెట్టింపైంది.

అంతవరకూ సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న భార్య నోరు విప్పింది. "ఏమండీ, వకీలుగారి కోటు ఎలా తిరగేశారు?"

"ఆ గొడవ ఇప్పుడెందుకే?"

"చేతి లోపలి అస్తరు గుడ్డలో బెత్తెడు సందొదిలి, కోటంతా లోపల్నించి కుట్టేసి, ఆ సందులోంచే బయటికి లాగలేదూ? ఆ సందెక్కడో ఆయనకి ఈనాటికీ తెలీదు. మీరు చేస్తే పనితనం, ఈ అమ్మాయి చేస్తే దొంగతనమా?"

మాస్టారు గోడ వైపు తిరిగి, పోయిన పరువును కాసేపు వెతుక్కున్నాడు. తర్వాత సర్జనమ్మ వేళ్లను పరీక్షగా చూశాడు.

"ఎన్నాళ్లుగా తిరగేస్తున్నావమ్మా?"

"పదేళ్లుగానండీ."

"అయితే కానివ్వు."

ఆపరేషనయ్యాక కొన్నాళ్లకి తొలి గుక్క నీళ్లు తాగించారు. నీళ్లు ఈసారి ఏమీ ఆలోచించకుండా దిగిపోయాయి. భార్య కొంగుతో కళ్లొత్తుకుంటుంటే, మాస్టారు చొక్కా ఎత్తి రంధ్రాల మచ్చలకేసి చూసుకున్నాడు.

"పని బావుంది," అన్నాడు గంభీరంగా. "కానీ బొత్తాలకి గుర్తులు ఒక్కటీ వరసలో పెట్టలేదు. ఆ అమ్మాయికి నా స్కేలు ఇచ్చిరా."